దుగరాజపట్నం కోటని చూడటం ఎలా (గోడలు ఆశించకండి)

తిరుపతి నుంచి సముద్రపు కోట చూడాలంటే అందరూ నేరుగా చెన్నైలో సెయింట్ జార్జ్ కోటకి పోతారు. పోండి, తప్పులేదు. కానీ దానికంటే ముందే ఇంగ్లీషోళ్లు ఫిరంగులు పెట్టుకుని కూర్చున్న చోటు మన వాకాడు మండలంలో ఉంది. 2014 విభజన చట్టంలో ఓడరేవు కడతామన్నారే, ఆ దుగరాజపట్నమే, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

బురుజు ముందర సెల్ఫీ దిగాలని మాత్రం పోవద్దు. ఇక్కడ చూడాల్సింది నేల, నీళ్లు, వాటి వెనకున్న లెక్క. అందుకే నేరుగా అక్కడికి పోకుండా రెండు రోజులు పెట్టుకుని, జరిగిన వరసలోనే తిరగమంటాను.

మొదటి పూట చంద్రగిరి. ఊళ్లోనే ఉన్నట్టు లెక్క, ఆటోలో పోయి రావచ్చు, శుక్రవారం తప్ప, ఆ రోజు మ్యూజియం సెలవు (నేను శుక్రవారమే పోయాను). సముద్రానికి ఇంత దూరంలో ఏం పని అంటారేమో. ఒడ్డున ఎవరు కోట కట్టుకోవాలన్నా ఒప్పుకోవాల్సింది ఇక్కడివాళ్లే మరి. చంద్రగిరి, వేలూరు రాజధానులుగా ఏలిన అరవీటి వెంకటపతి రాయలు 1610లో పులికాట్‌లో వ్యాపారానికి డచ్చివాళ్లకి అనుమతి ఇచ్చాడు. రాజమహల్ చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రెండో రోజు తెల్లారుజామునే బయల్దేరి నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా పొన్నేరి, అక్కడి నుంచి పులికాట్. బస్సు బోర్డు మీద పళవేర్కాడు అని ఉంటుంది, పులికాట్‌కి తమిళ పేరు అదే, కంగారు పడొద్దు. 1612లో పోర్చుగీసువాళ్లు మీదపడి డచ్చివాళ్ల గిడ్డంగిని పాడుచేశారు, ఆ దెబ్బతో మరుసటి ఏడాదికల్లా గట్టి కోట లేచింది. దాన్ని కట్టించిన అధికారి సొంత రాష్ట్రం గెల్డర్‌లాండ్, అందుకే కోటకి గెల్డ్రియా అని పేరు. ఇప్పుడు మిగిలింది కందకం ఆనవాళ్లు, ముళ్లపొదలు, అంతే, బూట్లు లేకుండా లోపలికి దిగొద్దు. ఎదురుగా డచ్చి శ్మశానం మాత్రం తప్పకుండా చూడాలి, గేటుకి రెండువైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. బట్టలే కాదు, మనుషుల్ని కూడా బానిసలుగా ఈ రేవు నుంచే ఓడలెక్కించారు, సమాధుల మీద చెక్కడం చూసి ముచ్చటపడేటప్పుడు అదీ తలుచుకోవాలి.

ఇదే పులికాట్‌లో 1621లో ఇంగ్లీషోళ్లు కూడా డచ్చివాళ్ల పక్కన చోటు సంపాదించారు, కోట కాపలా ఖర్చులో వాటా పెట్టుకుంటూ. ఇమడలేకపోయారు. 1626లో ఉత్తరానికి జరిగి దుగరాజపట్నంలో స్థావరం పెట్టుకున్నారు. వాళ్ల కాగితాల్లో ఊరి పేరు ఆర్మగాన్, సాయం చేసిన ఆర్ముగం మొదలియారు పేరు మీద అలా పిలిచారంటారు. పుస్తకాల్లో వెతికేవాళ్లు ఆ పేరుతోనే వెతకాలి, మన పేరుతో ఏమీ దొరకదు.

పులికాట్ నుంచి వెనక్కి నాయుడుపేట వచ్చి వాకాడు వైపు తిరగండి. ఇక్కడొక హెచ్చరిక. టీ కొట్టులో "కోట ఎటు అన్నా?" అని అడిగాను. "కోటా? ఎనక్కి పోవాల, బస్సుంది" అన్నాడాయన. ఎక్కేశాను కూడా. వాకాడు పక్కన కోట అనే ఊరే ఉందని టికెట్ తీసుకున్నాక తెలిసింది. కాబట్టి కోట అనకండి, లైట్‌హౌస్ అని అడగండి.

ఒడ్డుకి చేరాక ముందు సముద్రం వైపు నిలబడండి. దూరంగా నీటి కింద పెద్ద ఇసుక తిన్నె ఉంది, ఓడలవాళ్లకి దాని భయం ఉండబట్టే ఇక్కడ లైట్‌హౌస్ వచ్చింది. తర్వాత వెనక్కి తిరిగి భూమివైపు చూడండి, అసలు చిక్కు అటే ఉంది. కోటకి 12 ఫిరంగులు, కాపలాకి గుమాస్తాలూ సోల్జర్లూ కలిపి 23 మంది ఉండేవాళ్లు, కానీ వాళ్లు వచ్చింది బట్టల వ్యాపారానికి, ఫిరంగులు ఉంటే బట్ట రాదు కదా. చుట్టుపక్కల మంచి నేత దొరకలేదు, దొరికింది ఖరీదు. ఇక్కడి స్థావరానికి అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణంగా మద్రాసపట్నం పోయి చూస్తే అదే రకం గుడ్డ 20 శాతం చవక. ఆ ప్రాంతాన్ని ఏలే దామర్ల వెంకటాద్రి నాయకుడు స్థలం ఇచ్చాడు, 1640లో మూటాముల్లె సర్దుకుని అక్కడికి పోయారు. చెన్నై కోట కథ ఈ ఇసుకలో మొదలైందని నేనంటే మా తమ్ముడు నవ్వుతాడు గానీ, లెక్క చూస్తే అంతే.

ఊరు చేపలదీ, ఇసుకదీ అయిపోయింది, లైట్‌హౌస్‌కి మాత్రం ఇప్పటికీ ఆర్మగాన్ అనే పేరు. నీళ్ల బాటిల్, టోపీ మీరే తెచ్చుకోండి. వాకాడు నుంచి తిరుగు బస్సు ఆఖరుది ఎన్నింటికో దిగేటప్పుడే కండక్టర్‌ని అడిగి పెట్టుకోండి.