లిథువేనియా బాస్కెట్‌బాల్ జట్టును అనుసరించడం ఎలా?

ముప్పై లక్షల జనాభా కూడా లేని లిథువేనియా 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో వరుసగా బాస్కెట్‌బాల్ కాంస్య పతకాలు గెలుచుకుంది; 1937, 1939, 2003 సంవత్సరాలలో యూరప్ విజేతగానూ నిలిచింది. ఈ జట్టు మీద కొత్తగా ఆసక్తి కలిగినవారు చాలామంది ప్రపంచ కప్ మొదలయ్యాకే టీవీ ముందు కూర్చుంటారు. అప్పటికే సగం కథ నడిచిపోయి ఉంటుంది కనుక అర్హత మ్యాచ్‌ల నుంచే చూడటం మొదలుపెట్టడం మేలు.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య అయిన ఫీబా ఈ మ్యాచ్‌లను విడతలవారీగా జరుపుతుంది. ఒక్కో విడతలో ప్రతి జట్టూ సాధారణంగా రెండేసి మ్యాచ్‌లు ఆడుతుంది. నవంబరు, ఫిబ్రవరి విడతలప్పుడు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏ సీజన్ సాగుతూ ఉంటుంది కాబట్టి దొమాంతాస్ సబోనిస్ వంటి పెద్ద ఆటగాళ్లు అందుబాటులో ఉండరు. అందుచేత మ్యాచ్‌కు ముందు ప్రకటించే పన్నెండు మంది జాబితాను తప్పకుండా చదవాలి. జట్టు పేరు చూసి అంచనా వేసుకుంటే నిరాశే మిగులుతుంది. సమయం విషయానికొస్తే, లిథువేనియా రాజధాని విల్నియస్‌లో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ శీతాకాలంలో మనకు పదకొండు గంటలకు, వేసవిలో పది గంటలకు మొదలవుతుంది.

తర్వాత చూడవలసింది పాయింట్ల పట్టిక. గెలిస్తే రెండు పాయింట్లు, ఓడినా ఒకటి ఇస్తారు. అసలు ఆడకుండా వదులుకుంటేనే సున్నా. రెండు జట్లు సమానంగా ఉన్నప్పుడు, నెట్ రన్ రేట్‌కు అలవాటుపడిన మన కళ్లు మొత్తం తేడా కోసం వెతుకుతాయి గానీ, ఇక్కడ ముందుగా ఆ రెండింటి మధ్య జరిగిన మ్యాచ్‌లనే లెక్కలోకి తీసుకుంటారు. ఉదాహరణకు, సొంతగడ్డ మీద ఆరు పాయింట్ల తేడాతో గెలిచిన జట్టు, ప్రత్యర్థి ఊళ్లో ఆడుతూ ఆఖరి నిమిషంలో ఎనిమిది పాయింట్లు వెనకబడి ఉందనుకుందాం. ఆ మ్యాచ్ చేజారినట్టే. అయినా ఒక్క మూడు పాయింట్ల షాట్ పడితే ఓటమి తేడా అయిదుకు తగ్గి, ఇద్దరి మధ్య లెక్కలో పైచేయి ఆ జట్టుకే దక్కుతుంది. ఓడిపోతున్న జట్టు చివరి ఇరవై సెకన్లలో ఎందుకంత ప్రాణం పెట్టి ఆడుతోందో ఈ లెక్క తెలియనివారికి అంతుపట్టదు. నన్నడిగితే అర్హత పోటీల అసలు రుచి అక్కడే ఉంది.

ఎన్‌బీఏ చూసి వచ్చినవారు నియమాల తేడాను కూడా గుర్తుంచుకోవాలి. ఇక్కడ పది నిమిషాల క్వార్టర్లు నాలుగే, అంటే మొత్తం ఆట నలభై నిమిషాలు. ఆరో ఫౌల్‌కు కాక అయిదో ఫౌల్‌కే ఆటగాడు బయటికి వెళ్లిపోవాలి. లిథువేనియా ఆటలో చాలా భాగం యోనాస్ వలాంచ్యూనాస్ వంటి ఎత్తయిన సెంటర్ (బాస్కెట్ దగ్గర ఆడే ఆటగాడు) చుట్టూ తిరుగుతూ వచ్చింది కనుక, అతడికి మొదటి క్వార్టర్‌లోనే రెండు ఫౌల్స్ పడ్డాయంటే కోచ్ అతడిని బెంచీ మీద కూర్చోబెట్టే అవకాశం ఎక్కువ. అప్పుడు ఎదుటి జట్టు రీబౌండ్లు, అంటే గురితప్పిన షాట్ల తర్వాత బంతిని అందుకోవడం, ఎలా పెరుగుతాయో గమనించాలి. రింగుకు తగిలిన బంతిని ఇక్కడ ఎవరైనా తట్టవచ్చన్నది పొడగరులకు మరో వెసులుబాటు.

ప్రధాన టోర్నీలో మాత్రం ఒక మ్యాచ్ చూస్తూనే తర్వాతి ప్రత్యర్థి ఎవరో కూడా లెక్కించుకోవాలి. 2023 ప్రపంచ కప్‌లో మనీలాలో లిథువేనియా తన మొదటి తొమ్మిది మూడు పాయింట్ల షాట్లనూ బాస్కెట్‌లో వేసి, సగం ఆట ముగిసేసరికి 54-37 ఆధిక్యం సంపాదించి, చివరకు అమెరికాను 110-104తో ఓడించింది. అయితే రెండు జట్లూ అప్పటికే క్వార్టర్ ఫైనల్ చేరి ఉన్నాయి. ఆ గెలుపుతో గ్రూపులో మొదటి స్థానం దక్కించుకున్న లిథువేనియాకు సెర్బియా ఎదురై, 87-68తో టైటిల్ పోటీ నుంచి తప్పించింది. రెండో స్థానంలో నిలిచిన అమెరికాకు ఇటలీ తగిలింది.

ఒలింపిక్స్ దారి ఇంకా ఇరుకు, ఎందుకంటే అక్కడ పన్నెండు జట్లకే చోటు. 1992 నుంచి 2016 వరకు ఒక్క ఒలింపిక్స్ కూడా తప్పని ఈ జట్టు, టోక్యో బెర్తు కోసం 2021 జులైలో తమ సొంత కౌనాస్‌లోనే అర్హత టోర్నీ ఆడి, ఫైనల్‌లో స్లొవేనియా చేతిలో 96-85తో ఓడిపోయింది. స్లొవేనియా ఆటగాడు లూకా డోన్చిచ్ 31 పాయింట్లు చేసిన ఆ మ్యాచ్‌లో గెలిచిన దేశం జనాభాలో లిథువేనియా కన్నా చిన్నది. పారిస్ కూడా అర్హత టోర్నీలోనే చేజారింది. కాబట్టి ఒలింపిక్స్ ఏడాది వస్తే, ప్రారంభోత్సవం తేదీ కన్నా ముందుగా ఆ అర్హత టోర్నీ తేదీలనే క్యాలెండర్‌లో రాసిపెట్టుకోవాలి.