మీ పరిశోధన అందరికీ దొరికేలా ఆన్‌లైన్‌లో పెట్టడం ఎలా?

పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చాక సిద్ధాంత గ్రంథం ఎక్కడికి చేరుతుందో మనందరికీ తెలుసు. ఒక కాపీ యూనివర్సిటీ లైబ్రరీ బీరువాలోకి, ఒకటి గైడుగారి గదిలోకి, ఒకటి ఇంట్లో అటక మీదికి. ఐదారేళ్లు ఊళ్లు తిరిగి, రాత్రుళ్లు మేలుకుని రాసిన పని అక్కడే ఆగిపోతుంది.

ఒకసారి నాకు చేనేత వృత్తి పదాల గురించి సమాచారం కావలసి వచ్చింది. తెలుగులో ఎన్ని రకాలుగా వెతికినా ఏమీ రాలేదు. నెల తర్వాత తెలిసిన అధ్యాపకురాలు ఒకరు చెబితే తెలిసింది, ఆ అంశం మీద పూర్తి థీసిస్ ఆన్‌లైన్‌లో ఉందని. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో తప్పుల తడకగా నమోదైంది. లోపలి పాఠం పాత ఫాంటులో ఉంది. అది అక్కడ ఉన్నా లేనట్టే. అప్పటినుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: అప్‌లోడ్ చేయడంతో పని సగమే అవుతుంది. వెతికినవాళ్లకు దొరకాలి, దొరికాక చదవడానికి వీలవ్వాలి.

ఓపెన్ యాక్సెస్ అంటే ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకుని, దించుకుని, వాడుకోగలగడం. 2002లో బుడాపెస్ట్ ప్రకటన దీనికి స్పష్టమైన రూపం ఇచ్చింది. మన దేశంలో 2025 నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ వచ్చింది కదా, ఇంకా ఇదెందుకు అని కొందరు అడుగుతుంటారు. ప్రభుత్వమే చందా కట్టి జర్నళ్లను చదవనిచ్చే ఆ పథకం ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లో ఉన్నవాళ్లకు. ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌కు, పల్లెలో వ్యవసాయం చేసే డిగ్రీ కుర్రాడికి, రిటైరైన మాస్టారికి ఆ తలుపు తెరుచుకోదు.

1. ముందు ఏ ప్రతి పెట్టవచ్చో తేల్చుకోండి

జర్నల్ వ్యాసానికి మూడు రూపాలు ఉంటాయి. జర్నల్‌కు పంపకముందు మీరు రాసుకున్నది ప్రీప్రింట్. సమీక్షకులు చెప్పిన మార్పులు చేశాక సంపాదకుడు ఒప్పుకున్న మీ వర్డ్ ఫైలు రెండోది. జర్నల్ వాళ్లు తమ పేజీల్లో అమర్చి వేసిన పీడీఎఫ్ మూడోది. చాలామంది చేసే పొరపాటు ఈ మూడోదాన్ని ఎక్కడ పడితే అక్కడ పెట్టేయడం. హక్కులు ప్రచురణకర్తకు రాసిచ్చి ఉంటే అది కుదరదు. రెండో ప్రతిని మాత్రం చాలా జర్నళ్లు రిపాజిటరీలో, అంటే పరిశోధనలను భద్రపరిచి అందరికీ అందించే ఆన్‌లైన్ భాండాగారంలో, పెట్టనిస్తాయి, కొన్ని నెలల గడువు విధించి అయినా. ఏ జర్నల్ ఏమంటుందో ‘ఓపెన్ పాలసీ ఫైండర్’లో ఉచితంగా చూడొచ్చు. నిన్నమొన్నటి దాకా దీని పేరు షెర్పా రోమియో. అందుకే ఒప్పుకున్న ఆ వర్డ్ ఫైలును పారేయకండి, మెయిల్‌లో అయినా దాచుకోండి.

ఓపెన్ యాక్సెస్ అనగానే వేల రూపాయల ఫీజు కట్టాలేమో అని టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. రిపాజిటరీలో మీ ప్రతి మీరు పెట్టుకోవడానికి పైసా కట్టనక్కర్లేదు. ఫీజు అడిగే జర్నల్ ఏదైనా ఎదురైతే, అది నమ్మదగిన ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల జాబితా అయిన డీఓఏజేలో ఉందో లేదో చూడకుండా డబ్బు పంపకండి.

2. ఎక్కడ పెట్టాలి?

థీసిస్ అయితే శోధ్‌గంగ, దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు దాచే ఆన్‌లైన్ భాండాగారం. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని నడుపుతోంది. 2009 నాటి యూజీసీ నిబంధనలతో థీసిస్‌ల ఎలక్ట్రానిక్ ప్రతి తప్పనిసరి అయింది. 2022 నిబంధనల ప్రకారం పట్టా ప్రకటించకముందే యూనివర్సిటీ దాన్ని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు పంపాలి. పంపేది యూనివర్సిటీయే అయినా ఫైలు తయారుచేసి ఇచ్చేది మీరు. శ్రద్ధ అక్కడే పెట్టాలి.

వ్యాసాలకు ముందు మీ సంస్థకు సొంత రిపాజిటరీ ఉందేమో కనుక్కోండి. బెంగళూరు ఐఐఎస్‌సీ 2002లోనే మొదలుపెట్టింది. ఐఐటీ హైదరాబాద్‌కు ఉంది, పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు ఉంది. భౌతికశాస్త్రం, గణితం వాళ్లకు 1991 నుంచి నడుస్తున్న ‘ఆర్కైవ్’ (arXiv) అనే ప్రీప్రింట్ల రిపాజిటరీ ఉండనే ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, శాస్త్ర సాంకేతిక శాఖ నిధులతో చేసిన పని అయితే, వాటి 2014 విధానం ప్రకారం వ్యాసాన్ని రిపాజిటరీలో పెట్టాలి.

ఇవేవీ లేనివాళ్లకు జెనోడో ఉంది. జెనీవా దగ్గరి సెర్న్ సంస్థ 2013 నుంచి నడుపుతున్న ఉచిత రిపాజిటరీ ఇది. ప్రాచీన అలెగ్జాండ్రియా గ్రంథాలయాధికారి జెనోడోటస్ పేరు మీద దీనికా పేరు పెట్టారు. వ్యాసమే కాదు, సర్వే డేటా, ఆడియో రికార్డింగులు, ఫొటోలు కూడా పెట్టొచ్చు. ఒక్కో రికార్డుకు 50 జీబీ వరకు చోటు ఉంటుంది. పెట్టిన ప్రతిదానికీ డీఓఐ, అంటే శాశ్వత చిరునామా, ఇస్తుంది. ప్రచురించాక ఫైలు మార్చాలంటే సాధారణంగా కొత్త వెర్షన్‌గా పెట్టాలి, కాబట్టి నొక్కేముందు రెండుసార్లు చూసుకోండి.

రీసెర్చ్‌గేట్ లాంటివి పరిచయాలకు బాగుంటాయి. కానీ అవి వ్యాపార సంస్థల వేదికలు. మీ పని భద్రంగా ఉండాల్సిన అసలు చోటు అవి కావు.

3. ఫైలు తయారీ: తెలుగువాళ్లకు అసలు పరీక్ష ఇక్కడే

మీ పీడీఎఫ్ తెరవండి. ఏదో ఒక తెలుగు వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు తెలుగులాగే వస్తే సంతోషం. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం వచ్చిందంటే ఆ థీసిస్ గూగుల్‌కు కూడా అలాగే కనిపిస్తుంది.

దీనికి కారణం డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడిన అను లాంటి పాత ఫాంట్లు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో తెలుగు రూపాలు కూర్చిన ఫాంట్లు అవి. మన కంటికి ‘క’ కనిపిస్తుంది, కంప్యూటర్‌కు మాత్రం అక్కడ వేరే గుర్తు ఉంటుంది. కాగితం మీద అచ్చు వేయడానికి అది చాలింది. వెతకడానికి పనికిరాదు. చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ కూడా దాన్ని చదవలేదు.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లయితే మొదటి పేజీ నుంచే యూనికోడ్‌లో టైపు చేయించండి. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ కంప్యూటర్ గుర్తుపట్టే సొంత సంఖ్య ఉంటుంది. మండలి, రామభద్ర, నోటో లాంటి మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. డీటీపీ సెంటర్‌కు ఇస్తుంటే ఈ మాట ముందే చెప్పండి, పని అయ్యాక చెబితే రెండోసారి డబ్బు కట్టాలి. పాత ఫాంటులో ఇప్పటికే ఉన్నదాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చవచ్చు. ఒత్తులు, పొల్లులు తారుమారు అవుతుంటాయి కనుక ప్రూఫ్ మాత్రం ఓపికగా దిద్దాలి. కాగితం ప్రతి ఒక్కటే మిగిలి ఉంటే 300 డీపీఐలో స్కాన్ చేసి, గూగుల్ డ్రైవ్‌తోనో, టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనో అక్షరాలు గుర్తింపజేయండి. అచ్చు శుభ్రంగా ఉంటే ఫలితం బాగానే వస్తుంది.

యూనికోడ్‌లో టైపు చేసినా పీడీఎఫ్‌గా మారాక సంయుక్తాక్షరాలు ఒక్కోసారి చెదిరిపోతాయి. అందుకని వీలున్నచోట పీడీఎఫ్ పక్కనే వర్డ్ ఫైలో, మామూలు టెక్స్ట్ ఫైలో కూడా పెట్టడం మంచిది. శోధ్‌గంగకు అధ్యాయానికి ఒక ఫైలు చొప్పున విడివిడిగా ఇవ్వాలి. గూగుల్ స్కాలర్ 5 ఎంబీ లోపు ఫైళ్లే కోరుకుంటుంది, కాబట్టి బొమ్మల సైజు తగ్గించండి. థీసిస్ చివర పెట్టే బయోడేటాలో ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఉంటే ఆన్‌లైన్ ప్రతిలోంచి తీసేయండి.

4. వివరాలు నింపేటప్పుడు

శీర్షిక, సారాంశం, కీలక పదాలు తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాయండి. కీలక పదాల్లో జిల్లా పేరు, ఊరి పేరు, అక్కడి జనం నోట ఆడే మాటలు ఉండాలి. ‘వస్త్ర పరిశ్రమ’ అని రాసి ఊరుకుంటే ‘మగ్గం’ అని వెతికేవాడికి మీరు దొరకరు. మీ పేరు ప్రతిచోటా ఒకేలా రాయండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట అసలే లేకుండా రాయడం మనవాళ్లకు బాగా అలవాటు. దీనికి మందు ఆర్కిడ్: ఉచితంగా వచ్చే 16 అంకెల గుర్తింపు సంఖ్య. తీసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

5. లైసెన్సు

హక్కులు మీ దగ్గర ఉన్న పనికైతే క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సుల్లో ‘సీసీ బై’ ఎంచుకోమంటాను. మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. ‘ఎన్‌డీ’ అని ఉన్నది తీసుకుంటే మీ అనుమతి లేకుండా ఎవరూ అనువాదం చేసి పంచలేరు. ‘ఎన్‌సీ’ ఉంటే ఆ పాఠాన్ని తెలుగు వికీపీడియాలోకి తీసుకోలేరు. థీసిస్‌కు మీ యూనివర్సిటీ నిబంధనలు ఒకసారి చదవండి. పుస్తకంగా వేయాలనుకుంటే కొంతకాలం ఆపి పెట్టే వీలుందా అని లైబ్రరీలో అడగండి.

6. బయట పెట్టకూడనివి

పేటెంటుకు వెళ్లే ఆలోచన ఉంటే ముందు దరఖాస్తు చేయండి, ఆ తర్వాతే ప్రచురించండి. వరుస తప్పితే కొత్తదనం పోయిందని పేటెంటు తిరస్కరించవచ్చు. ఇంటర్వ్యూలు ఇచ్చినవాళ్ల పేర్లు, ఫొటోలు, కులం, ఆరోగ్యం వివరాలు వాళ్ల అనుమతి లేకుండా పెట్టకండి. అవ్వ మన మీద నమ్మకంతో పాట పాడింది. అది ఇంటర్నెట్‌లోకి వెళ్తుందని ఆమెకు అర్థమయ్యేలా చెప్పి, సరే అన్నాకే పెట్టాలి.

7. పెట్టాక

నెల ఆగి, మీ అంశాన్ని తెలియనివాళ్లు వెతికినట్టు తెలుగులో వెతకండి. రాకపోతే వివరాల్లో ఏదో లోపం ఉంది. రిపాజిటరీ నడిపే లైబ్రేరియన్‌కు మెయిల్ రాస్తే శీర్షిక, కీలక పదాలు సరిచేస్తారు. లింకు పంపేటప్పుడు బ్రౌజర్ పైన కనిపించే పొడుగాటి చిరునామా కాకుండా డీఓఐనో, శోధ్‌గంగ ఇచ్చే హ్యాండిల్ చిరునామానో పంపండి. వెబ్‌సైటు మారినా అవి పనిచేస్తాయి. మొదట పంపాల్సింది మీకు సమాచారం ఇచ్చిన ఊరివాళ్లకు. చదవలేనివాళ్లుంటే ఈసారి ఆ ఊరు వెళ్లినప్పుడు ఫోన్‌లో తెరిచి, వాళ్ల మాటలు ఏ పేజీలో ఉన్నాయో చదివి వినిపించండి.