కోపంగా ఫోన్ చేసిన కంప్యూటర్ కస్టమర్‌తో ఎలా మాట్లాడాలి?

నెల్లూరులో కంప్యూటర్ సపోర్టు పని మొదలుపెట్టి పదకొండేళ్లు దాటింది. కావలి, గూడూరు, ఒంగోలు, చీమకుర్తి దాకా తిరిగాను. రైసు మిల్లులు, రొయ్యల మేత డీలర్లు, గ్రానైట్ ఆఫీసులు, ఆడిటర్లు, స్కూళ్లు... అందరి దగ్గరా తిట్లు తిన్నాను. ఇప్పుడు కొత్తగా చేరే పిల్లల్ని చూస్తే నాకు ఒకటే బాధ. మదర్‌బోర్డు విప్పి మళ్లీ బిగించేంత పని వచ్చు, అవతలి మనిషి గొంతు పెంచగానే మాత్రం "మీరేం నొక్కారు సార్?" అని అడిగేస్తారు. ఆ మాటతో చిన్న రిపేరు కాస్తా గొడవవుతుంది. అది చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక నోట్‌బుక్కు, పెన్ను, వైరున్న హెడ్‌సెట్. బ్లూటూత్ వద్దు, మధ్యలో ఛార్జింగ్ అయిపోయి "వినపడలేదన్నా, మళ్లీ చెప్పండి" అంటే ఆయన మొదటి నుంచీ తిట్టుకుంటూ వస్తాడు. బ్యాగులో విండోస్ ఎక్కించే పెన్ డ్రైవు, ఖాళీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు, స్క్రూడ్రైవర్లు, దుమ్ము దులిపే బ్రష్షు, రెండు సీఆర్2032 బటన్ సెల్స్. సెల్స్ ఎందుకో కింద చెప్తాను. నోట్‌బుక్కు బదులు ఫోన్లోనే రాసుకుంటాం అంటారు కొందరు. కస్టమర్ ముందు కూర్చుని ఫోన్ చూస్తుంటే వాట్సాప్ చూస్తున్నావనే అనుకుంటాడు. కాగితం మీదే రాయండి.

మొదటి అడుగు: ఆయన ఆగేదాకా వినడం

ఫోన్ ఎత్తి పేరు చెప్పి ఊరుకోండి. మధ్యమధ్యలో "ఊ", "సరేనన్నా" అంటే చాలు. నేను గడియారం పెట్టి చూశాను, ఎంత కోపంగా ఉన్న మనిషైనా రెండు నిమిషాలకు మించి ఆపకుండా తిట్టలేడు, మనం మధ్యలో దూరకపోతే. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనే ముక్క మాత్రం అనొద్దు, అది రికార్డు చేసిన గొంతు చెప్పే మాట, మనిషి చెప్పే మాట కాదు. పిలుపు కూడా చూసుకోండి. మిల్లు ఓనరును "అన్నా" అనొచ్చు, పెద్దావిడైతే "అమ్మా", ఆఫీసుల్లో "సార్", "మేడమ్". పరిచయం లేని ఆయన్ని పేరు పెట్టి పిలవడం కాల్ సెంటర్ ట్రైనింగులో బాగుంటుందేమో, మన దగ్గర తలపొగరు కింద లెక్క.

రెండో అడుగు: ఆగిపోయిన పని ఏంటో కనుక్కోవడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. నేనూ చెడగొట్టాను కాబట్టి వివరంగా చెప్తాను.

కొన్నేళ్ల కిందట సాయంత్రం ఆరింటికి చీమకుర్తి నుంచి ఫోన్. గ్రానైట్ ఆఫీసు. "ప్రింటర్ పనిచెయ్యట్లేదు, తొందరగా చూడు" అన్నారు. నేను నెట్ మీదుగా వాళ్ల కంప్యూటర్లోకి రిమోట్‌లో దూరి స్పూలర్ (ప్రింట్లను వరుసలో పెట్టే ప్రోగ్రాం) ఆపి మళ్లీ మొదలుపెట్టాను, ప్రింటర్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది ఎక్కించాను, కేబుల్ మార్పించాను. గంట పోయింది. ఆయన కేకలు పెరుగుతూనే ఉన్నాయి. "ఏందయ్యా నువ్వు చేసేది? లారీ గేటు కాడ నిలబడి ఉంది!" అప్పటికి గానీ లారీ సంగతి నా చెవిన పడలేదు. అసలు కావాల్సింది ఈ-వే బిల్లు. 50,000 రూపాయలు దాటిన సరుకు కదలాలంటే అది ఉండాలి కదా. బిల్లు అప్పటికే తయారై స్క్రీన్ మీద ఉంది, ఇన్‌వాయిస్ కాగితం లారీ డ్రైవర్ చేతిలో ఉంది. ఈ-వే బిల్లు కాగితం మీదే ఉండాలని రూలేం లేదు, నంబరు ఫోన్లో ఉన్నా సరిపోతుంది. పీడీఎఫ్ డ్రైవర్ వాట్సాప్‌కు పంపితే ఐదు నిమిషాల్లో లారీ కదిలేది. నేనేమో గంటసేపు ప్రింటర్‌తో కుస్తీ పట్టాను. చివరికి ప్రింటర్ బాగైంది, అయినా ఆయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం.

అందుకని ఇప్పుడు నేను అడిగేవి రెండే ప్రశ్నలు. "ఇప్పుడు ఏ పని ఆగిందన్నా? ఎన్నింటిలోపు కావాలి?" ఇవే మాటలు, ఇదే వరుస. జవాబు నోట్‌బుక్కులో రాసుకోండి. "సమస్య ఏంటి?" అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే "కంప్యూటర్ పాడైంది", "మీ నెట్ బాలేదు" అంటారు, అది వాళ్లు కట్టిన రోగం పేరు, దాని వెంట పోతే మనమూ దారి తప్పుతాం. ఏ పని ఆగిందంటే అసలు సంగతి వస్తుంది. ఇవాళ ఇరవయ్యో తేదీ, జీఎస్టీ 3బీ రిటర్న్ వేయాలి. రేపు పొద్దున పిల్లలకు హాల్ టికెట్లు ఇవ్వాలి. కూలీలు బయట డబ్బు కోసం నిలబడి ఉన్నారు, లెక్క మొత్తం టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్లో ఉంది. మనిషి కోపం ఆ పని మీద, కంప్యూటర్ మీద కాదు. ముందు ఆ పనికి వేరే దారి చూడండి. జీఎస్టీ పోర్టల్ వెబ్‌సైటే కాబట్టి పక్క షాపు కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది. టాలీ డేటా ఆ ఒక్క మిషన్లోనే ఉంటే మాత్రం బ్యాకప్ ఎక్కడుందో వెంటనే అడగాలి. పని కదిలాక రిపేరుకు ఎంతసేపు పట్టినా ఎవరూ అరవరు. ఒక జాగ్రత్త: పక్క కంప్యూటర్లో పాస్‌వర్డ్ ఆయన చేతే కొట్టించండి, బ్రౌజర్లో సేవ్ చేయనివ్వొద్దు, ఓటీపీ మీరు అడగనే అడగొద్దు.

ఇంకో జాగ్రత్త, ఇదీ పెద్దదే. ప్రశ్నలో "మీరు" రాకూడదు. "మీరు ఏం చేశారు?" అంటే తప్పు నీదే అన్నట్టు వినపడుతుంది. "చివరిసారి బాగా ఎప్పుడు పనిచేసింది? మధ్యలో కరెంటు పోయిందా?" అని అడగండి. కోవూరులో ఒక రైసు మిల్లుకు వెళ్లాను. మూడు రోజులుగా జీఎస్టీ సైటు తెరుచుకోవట్లేదని ఆయన నెట్ కనెక్షన్ వాళ్లను తిట్టిపోస్తున్నాడు, ఆఖర్న నా వంతు వచ్చింది. "స్క్రీన్ మూల టైము, తేదీ ఏం చూపిస్తున్నాయన్నా?" అన్నాను. ఏళ్ల వెనకటి తేదీ! మదర్‌బోర్డు మీద తేదీ, టైము నడిపించే బటన్ సెల్ అయిపోయింది, మిల్లులో రాత్రి మెయిన్ స్విచ్ తీసేస్తారు, పొద్దున్నే తేదీ పాతదైపోతుంది. ఆ పాత తేదీతో చూస్తే సైటు అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలే కానట్టు లెక్క, బ్రౌజర్ లోపలికి పోనివ్వదు. సెల్ మార్చి తేదీ సరిచేశాను, సైటు తెరుచుకుంది.

అప్పుడు నవ్వొస్తుంది, నవ్వొద్దు. "ఇంతేనా అన్నా, చిన్నదే" అని అసలే అనొద్దు. మూడు రోజులు పని పోగొట్టుకున్న మనిషికి "చిన్నదే" అంటే "నీకు ఇదీ తెలీదా" అన్నట్టు ఉంటుంది. నా దగ్గర పనిచేసే పిల్లలకు ఆ మాట నిషేధం. "సెల్ అయిపోయిందన్నా, మార్చాను, అందుకే సైటు రాలేదు" అని ఊరుకోవాలి.

ఇక డేటా. హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమంటోంది, ఐదేళ్ల లెక్కలు అందులోనే ఉన్నాయి, "వస్తదా రాదా?" అని మీ మొహంలోకి చూస్తూ అడుగుతాడు. "టెన్షన్ పడకండి, వచ్చేస్తుంది" అనేశారా, మీ పని అయిపోయింది. రాకపోతే ఆ డేటా పోగొట్టింది మీరే అవుతారు. ముందు కంప్యూటర్ ఆఫ్ చేయించండి, ఆ చప్పుడుతో ఆన్‌లో ఉంచేకొద్దీ లోపల ఇంకా దెబ్బతింటుంది. తర్వాత, "ఇప్పుడే చెప్పలేనన్నా. సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాను, అప్పటిదాకా ఎవరూ ఆన్ చేయొద్దు." ఆరింటికి ఏమీ తేలకపోయినా ఫోన్ చేయాలి, తేలలేదని చెప్పడానికైనా సరే. డేటా పోయిందని తేలితే మొదటి వాక్యంలోనే చెప్పండి. "హార్డ్ డిస్కులో హెడ్ అని ఒకటి ఉంటుందన్నా" అంటూ పాఠం మొదలుపెడితే, పోయిందని ఆయనకు మూడో మాటకే అర్థమవుతుంది, మిగతాదంతా తప్పించుకోవడంలా వినపడుతుంది. చెప్పాక కాసేపు మాట్లాడకండి. ఆ నిశ్శబ్దం భరించలేక చాలామంది "అయినా బ్యాకప్ పెట్టుకోవాల్సింది" అంటారు. నిజమే, కానీ అది ఆ రోజు చెప్పే మాట కాదు.

మూడో అడుగు: రిపేరు

ఇది మీకు వచ్చిన పనే. ఏదైనా ముట్టుకునే ముందు డేటా కాపీ చేసుకోండి. రిమోట్ కంటే మనిషి వెళ్లడమే మంచిదని నా పట్టుదల. పది కిలోమీటర్ల లోపైతే బండి తీయండి. మిల్లులో ఊక దుమ్ము ఫ్యానుకు పట్టి కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతుంటే, చీమకుర్తిలో రాతి పొడి నిండి ఉంటే రిమోట్‌లో ఏం కనపడుతుంది? ఎండాకాలం ఇలాంటివే సగం కేసులు. చేసేటప్పుడు ఐదు నిమిషాలకోసారి ఏం చేస్తున్నారో నోటితో చెప్పండి, స్క్రీన్ మీద గీత అటూ ఇటూ పోతుంటే చూస్తూ కూర్చున్న మనిషికి మళ్లీ ఒళ్లు మండుతుంది. టీ ఇస్తే తాగండి. చేత్తో టీ ఇచ్చిన మనిషి వెంటనే తిట్టడు.

కోపంగా ఉన్న రోజు కొత్త కంప్యూటర్ అమ్మాలని చూడొద్దు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆగిపోయాక ఈ గొడవలు ఎక్కువయ్యాయి. "నిన్నటిదాకా బానే ఉందిగా, ఎందుకు మార్చాలి?" అంటారు. మిషన్ పనిచేస్తూనే ఉంటుంది, కొత్త భద్రతా అప్‌డేట్లే మామూలుగా రావు, పాత ప్రాసెసర్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు, ఇంతవరకే చెప్పండి. రేట్లు వారం తర్వాత.

బూతులు మొదలైతే

పనిని తిట్టినంతసేపూ భరించొచ్చు. ఇంట్లోవాళ్ల దాకా వస్తే "పది నిమిషాల్లో నేనే చేస్తానన్నా" అని పెట్టేయండి, సరిగ్గా పది నిమిషాలకు చేయండి. పదకొండో నిమిషమైతే పారిపోయినట్టే లెక్క. ఇంకో రకం ఉంటారు, స్క్రీన్ మీద ఎర్రగా వచ్చిన నంబరుకు ఫోన్ చేసి, ఎవడో రిమోట్ తీసుకుని డబ్బు లాగేసుకున్నాక మన మీద పడేవాళ్లు. వాళ్లకు జాగ్రత్తలు చెప్తూ కూర్చోకుండా నెట్ వైరు పీకించి, బ్యాంకుకూ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ వెంటనే ఫోన్ చేయించండి.

చివరి అడుగు

మర్నాడు పదకొండింటికి ఒక ఫోన్ చేయండి. పొద్దున్నే వద్దు, షాపు తెరిచే హడావుడి ఉంటుంది. "కంప్యూటర్ ఎట్టా ఉందన్నా?" అని కాదు, "లారీ పోయిందా అన్నా? రిటర్న్ వేశారా?" అని అడగండి. ఏ పని ఆగిందో నోట్‌బుక్కులో రాసుకోమన్నది ఇందుకే. మన రిపేరు బిల్లు సంగతి ఆ ఫోన్లో ఎత్తొద్దు, సాయంత్రం వాట్సాప్‌లో పంపండి.