పాత మిద్దె మీద సోలార్ ఎక్కించే ముందు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సోలార్ అనుకోగానే పాత ఇంటివాళ్లు మొదట అడిగేది ఒకటే: "మా మిద్దె ఆ బరువు మోస్తుందా?" ప్యానెళ్లు, ఇనుప స్ట్రక్చరు కలిపినా చదరపు మీటరుకు పదిహేను, ఇరవై కేజీలే. దసరాకు పిల్లలంతా మిద్దెక్కితే పడే బరువు అంతకంటే ఎక్కువ. అడగాల్సింది వేరే ఉంది. తుఫాను గాలి ప్యానెల్‌ను పైకి లాగితే దాన్ని మిద్దె కిందికి పట్టి ఉంచగలదా?

లెక్క చూడండి. గాలి భారాల భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం మన తీరానికి డిజైన్ గాలివేగం సెకనుకు 50 మీటర్లు. వేగాన్ని దానితోనే హెచ్చించి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే దాదాపు 150 కేజీల ఒత్తిడి. 540 వాట్ల ప్యానెల్ ఒకటి సుమారు 2.6 చదరపు మీటర్లు ఉంటుంది. దాని మీద 390 కేజీల లాగుడు పడితే ఆరు ప్యానెళ్లకు 2300 కేజీలు దాటుతుంది. వాలు, పిట్టగోడ చాటు, ఇంటి ఎత్తును బట్టి ఇది తగ్గుతుంది. సగానికి తగ్గిందనుకున్నా టన్నుకు పైనే. మామూలుగా స్ట్రక్చరు కాళ్ల కింద పోసే అడుగు ఘనం కాంక్రీటు దిమ్మె 65 కేజీలు తూగుతుంది. అలాంటివి ఆరు పోస్తే మొత్తం 390 కేజీలు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానునూ, 2023 డిసెంబరు మిచౌంగ్‌నూ చూసిన ఊళ్లకు ఈ తేడా ఎంతటిదో విడిగా చెప్పక్కర్లేదు. దిమ్మెలు మిద్దె మీద ఊరికే పెట్టి వెళ్లిపోయే పనికి ఒప్పుకోకండి.

కప్పు రకాన్ని బట్టి పని

శ్లాబు ఇల్లయితే ముందు సుత్తి పట్టుకుని కింది నుంచి తట్టండి. గట్టి చోట ఖంగుమంటుంది, డొల్ల చోట బోలుగా పలుకుతుంది. కడ్డీల వెంబడి పొడవునా సాగిన పగుళ్లు, తుప్పు మరకలు, పెచ్చులు రాలిన చోట్లు సుద్దతో గుర్తు పెట్టండి. సముద్రం దగ్గరి ఊళ్లలో, ఉప్పుగాలికి తోడు అప్పట్లో ఉప్పునీళ్లతో కలిపిన కాంక్రీటు కూడా ఉంటే, లోపలి కడ్డీ ఉబ్బి పెచ్చును తోసేస్తుంది. అలాంటి గది మీద స్ట్రక్చరు కాళ్లు పెట్టొద్దు. పెట్టక తప్పకపోతే ముందు శ్లాబు బాగు చేయించాలి. ప్యానెళ్లు పాతికేళ్లు ఉండాలి, వాటి కింది శ్లాబు ఇంకా పదేళ్లు నిలిస్తే గొప్ప అన్నట్టుంటే లెక్క కుదరదు.

శ్లాబు బాగానే ఉన్నా ఒక మోసం దాగి ఉంటుంది. పాత శ్లాబుల మీద వాన దిగకుండా మూడు నాలుగు అంగుళాల ఇటుక జల్లి సున్నం పోసి ఉంటారు. డ్రిల్లు దిగుతుంది, బోల్టు బిగుస్తుంది, చూసేవాళ్లకు అంతా సరిగ్గానే ఉంటుంది. కానీ ఆ బోల్టు పట్టింది సున్నాన్ని, శ్లాబును కాదు. కాలు వచ్చే చోట ఆ పొరను అడుగున్నర చదరం మేర చెక్కి తీసి, అసలు కాంక్రీటు కనిపించాకే పని మొదలుపెట్టించండి. అప్పటి శ్లాబు మందం నాలుగైదు అంగుళాలు. నాలుగు అంగుళాల శ్లాబులో నాలుగు అంగుళాల లోతు బోల్టు వేస్తే అవతలికి పొడుచుకొస్తుంది. రెండు దారులున్నాయి. కాళ్లను గోడ మీదికి జరిపి, శ్లాబును దాటి గోడలోకి రెండడుగులు దిగేలా 12 మిల్లీమీటర్ల రాడ్డు పెట్టి గ్రౌట్ (పలచటి సిమెంటు ముద్ద) పోయడం ఒకటి. గది మధ్యలోనే పెట్టాల్సి వస్తే శ్లాబును పూర్తిగా దాటే బోల్టు వేసి, కింద ఆరంగుళాల చదరం, 6 మిల్లీమీటర్ల మందం ప్లేటుతో బిగించడం రెండోది. హాల్లో పైకి చూస్తే ప్లేట్లు కనిపిస్తాయి, అందం పోతుంది. పోనివ్వండి.

కెమికల్ యాంకర్ (రాడ్డును రంధ్రంలో అంటించే జిగురు మందు) వాడితే 12 మిల్లీమీటర్ల రాడ్డుకు 14 మిల్లీమీటర్ల రంధ్రం చాలు. రంధ్రంలో దుమ్మును బ్రష్షుతో గీకి, పంపుతో ఊది, మళ్లీ గీకి ఊదాలి. దుమ్ము ఉన్న రంధ్రంలో మందు గోడకు అంటదు, దుమ్ముకు అంటుతుంది. సాయంత్రం తొందరలో పనివాళ్లు వదిలేసేది సరిగ్గా ఈ మెట్టునే, ఆ పూట పక్కనే నిలబడండి. ఆ తర్వాత మందు డబ్బా మీద రాసిన సమయం గడిచేదాకా నట్టు బిగించకూడదు. చివరికి బేస్ ప్లేటు చుట్టూ దిమ్మె పోసి, దాని పైభాగం నీళ్లు జారేలా వాలు తీసి, చెక్కిన చోట వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి.

దూలాలు, దంతెల మీద ఇటుక పేర్చి సున్నం కొట్టిన అసలైన పాత మిద్దెకు ఈ బోల్టులేవీ పనికిరావు. కప్పులో లాగుడును తట్టుకునే పదార్థమే లేదు. ఇక్కడ కప్పును ముట్టుకోకుండా గోడ నుంచి గోడకు ఇనుప చానెల్ వేయాలి. పది, పన్నెండడుగుల గదికి 100 లేదా 125 మిల్లీమీటర్ల చానెల్ సరిపోతుందో లేదో ఇంజనీరుతో లెక్క కట్టించండి. చానెల్‌కూ మిద్దెకూ మధ్య కనీసం ఆరంగుళాల ఖాళీ ఉంటే ఆకులు ఊడ్చుకోవచ్చు, వాన నీరు నిలవదు. గోడ మట్టితో కట్టినదైతే అందులో పాతిన రాడ్డు ఊడిపోతుంది. గోడ నెత్తిన, పొడవునా, కడ్డీలు వేసిన కాంక్రీటు పట్టీ పోసి చానెల్‌ను దానికి బిగించాలి. పట్టీ నుంచి ప్రతి నాలుగడుగులకూ ఒక రాడ్డు గోడలోకి మూడడుగులు దిగి, అడుగున అడ్డ ప్లేటుతో ఆగాలి. అప్పుడు గాలి లాగాల్సింది గోడ బరువును. అడుగున్నర మందం గోడ మూడడుగుల లోతున, ప్రతి అడుగు పొడవుకూ 230 కేజీల దాకా తూగుతుంది.

పెంకుటిల్లు, సిమెంటు రేకుల ఇల్లయితే పైకి ఎక్కడమే వద్దు. పాత తాటి వాసాలు ఈ లాగుడుకు నిలవవు. సిమెంటు రేకు కాలు పెడితే విరుగుతుంది, తొలిస్తే వచ్చే ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. పెరట్లో జాగా ఉంటే ఎనిమిది, తొమ్మిదడుగుల ఎత్తున స్ట్రక్చరు నిలబెట్టి కింద బండి పెట్టుకోండి, గేదెను కట్టుకోండి. ఒక్కో కాలికి అడుగున్నర చదరం, మూడడుగుల లోతు గుంత తీసి కాంక్రీటు పోస్తే ఒక్కో పునాదే 450 కేజీలకు పైన ఉంటుంది. నల్లరేగడి నేలైతే ఇంకా లోతుకు, గట్టి పొర దాకా పోవాలి. దరఖాస్తుకు ముందే కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఈ ఏర్పాటు చెప్పి, సబ్సిడీకి ఒప్పుతుందని తేల్చుకోండి.

నీడ, వాలు

నెల్లూరు 14.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఒంగోలు 15.5. ప్యానెళ్లు దక్షిణానికి తిప్పి 10 నుంచి 15 డిగ్రీల వాలు ఇస్తే చాలు. తీరంలో 10 వైపే మొగ్గండి. దిగుబడిలో పోయేది స్వల్పం, గాలికి దొరికే ఎత్తు తగ్గుతుంది. డిసెంబరులో ఉదయం తొమ్మిదికి దక్షిణపు పిట్టగోడ నీడ దాదాపు దాని ఎత్తంత దూరం లోపలికి పడుతుంది. మూడడుగుల గోడకు మూడడుగులు వదలండి. ప్యానెల్ కింది అంచు గోడ ఎత్తుకు వచ్చేలా లేపితే ఈ దూరమూ అక్కర్లేదు, కానీ గాలికి ఎదురు నిలుస్తుంది. తూర్పు, పడమరల్లో ఉన్న నీళ్ల ట్యాంకుకు ఎత్తుకు ఒకటింబావు రెట్లు వదలాలి. వరసగా ఒకదానికొకటి కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద కొబ్బరి మట్ట నీడ పడినా మిగతావి కొంత వెనక్కి తగ్గుతాయి. పక్కింటి చెట్టు గురించి ముందే మాట్లాడుకోండి, మీటరు పెట్టాక అది కష్టం.

ఇంట్లో వైరింగు

పాత ఇంట్లో చెక్క బద్దీల మీద పోయే అల్యూమినియం వైరు, పింగాణీ ఫ్యూజులు ఉంటాయి, ఎర్త్ అసలు ఉండదు. సోలార్ వచ్చినంత మాత్రాన ఇల్లంతా వైరింగు మార్చక్కర్లేదు. మీటరు నుంచి మెయిన్ బోర్డు దాకా మాత్రం మార్చాలి, స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరునూ చూసుకోవాలి. 3 కిలోవాట్ల సోలార్ ఇన్వర్టరు (ప్యానెళ్ల డీసీని ఇంటి ఏసీగా మార్చే పెట్టె) మధ్యాహ్నం 13 ఆంపియర్లు వెనక్కి తోస్తుంది. స్తంభం నుంచి 30 మీటర్ల దూరంలో 2.5 చదరపు మిల్లీమీటర్ల పాత అల్యూమినియం సర్వీసు వైరుంటే, ఒక్క ఆ వైరులోనే దాదాపు 9 వోల్టులు పెరుగుతాయి. లైనులో అప్పటికే 245 ఉందంటే ఇన్వర్టరు హద్దు దాటిందని ఆగిపోతుంది. మబ్బు లేని రోజు మధ్యాహ్నం పన్నెండుకు ఆగి, రెండున్నరకు మళ్లీ మొదలయ్యే ఇన్వర్టర్ల జబ్బు చాలావరకు ఇదే. వైరు 6 చదరపు మిల్లీమీటర్లకు మారిస్తే ఆ పెరుగుదల నాలుగు వోల్టులలోపుకు దిగుతుంది.

ఎర్త్ గుంతలు మూడు వేయించండి: పిడుగు రాడ్డుకు ఒకటి, ప్యానెళ్లకూ స్ట్రక్చరుకూ ఒకటి, ఇన్వర్టరు ఏసీ వైపుకు ఒకటి. పిడుగు రాడ్డు గుంత మిగతా రెంటికీ దూరంగా ఉండాలి. ఒక్కోటి 3 మీటర్ల రాగిపూత రాడ్డు. మీటరు పెట్టి కొలిచి 5 ఓముల్లోపు వచ్చిందని కాగితం మీద రాయించుకోండి. మార్కాపురం వైపు రాతి నేలల్లో ఒక్క రాడ్డుకు ఆ సంఖ్య రాదు, రెండు కలిపి వేయాల్సి వస్తుంది. కొటేషనులోనే ఆ మాట రాయించండి.

ఆరు ప్యానెళ్లు వరసగా కలిపితే 290 నుంచి 300 వోల్టుల డీసీ వస్తుంది. డీసీ నిప్పురవ్వ ఏసీలా తానే ఆరిపోదు. అందుకే కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి ఉండాలి, సరైన క్రింపింగ్ పనిముట్టుతోనే నొక్కాలి. కటింగ్ ప్లేయరుతో నొక్కిన జాయింటు ఎండాకాలంలో కరుగుతుంది. ఎండను తట్టుకునే 4 చదరపు మిల్లీమీటర్ల సోలార్ కేబులే వాడాలి. ఇన్వర్టరును ఉత్తరపు గోడకో, వరండాలోనో పెట్టండి. పడమటి గోడ మే నెలలో దాన్ని ఉడికిస్తుంది, వేడెక్కితే అది తనంతట తానే శక్తి తగ్గించుకుంటుంది.

కరెంటు పోతే ఈ సోలారూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటది, చెడిపోయిందని కాదు. ఇంట్లో పాత బ్యాటరీ ఇన్వర్టరు ఉంటే దాని లోడు వైపు సోలార్‌ను కలపొద్దు, రెండూ కాలిపోవచ్చు.

కాగితాలు, డబ్బు

కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000 రూపాయలు, మూడోదానికి 18,000. మొత్తం 78,000 దాటదు. ప్యానెళ్లు, ఇన్వర్టరు, ఈ రెండింట్లో ఏది తక్కువో దాని మీద లెక్క కడతారు. 540 వాట్లవి ఐదు పెడితే 2.7 కిలోవాట్లు, వచ్చేది 72,600. ఆరో ప్యానెల్ పెట్టి 3 కిలోవాట్ల ఇన్వర్టరు పెడితే పూర్తి 78,000. కిలోవాటుకు నెలకు 120 యూనిట్ల లెక్కన, గత పన్నెండు నెలల బిల్లుల సగటు చూసి సైజు ఎంచుకోండి. ఒక్క మే నెల బిల్లు చూసి ఎంచుకోవద్దు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం మబ్బులు, దిగుబడి తగ్గుతుంది.

పాత ఇళ్లలో దరఖాస్తు చిక్కుకునేది సర్వీసు నంబరు తాతగారి పేరున ఉండడం వల్ల. ఆ పథకం పోర్టల్లో దరఖాస్తుదారు, బిల్లు, బ్యాంకు ఖాతా ఒకే పేరున ఉండాలి. ముందు మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల పత్రం, ఇంటి పన్ను రసీదుతో పేరు మార్పు చేయించుకోండి. అన్నదమ్ములుంటే వాళ్ల అంగీకారం రాతపూర్వకంగా తీసుకోండి. కరెంటు పంపిణీ సంస్థల్లో (డిస్కంలు) నెల్లూరు వైపు దక్షిణ డిస్కం, ఒంగోలు వైపు మధ్య డిస్కం చూస్తాయి. పోర్టల్లో డిస్కం తప్పు ఎంచుకుంటే సర్వీసు నంబరు దొరకదు. 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకు విడిగా సాధ్యాసాధ్యాల పరిశీలన లేదు. పోర్టల్లో నమోదైన వెండరును ఎంచుకోవడం, బిగించడం, వివరాలు ఎక్కించడం, డిస్కం తనిఖీ, నెట్ మీటరు (తీసుకున్న, ఇచ్చిన కరెంటు రెండూ కొలిచేది), ఆ తర్వాత సబ్సిడీ కోరడం. వరుస ఇదే.

సెల్ కూడా దేశంలోనే తయారైన డీసీఆర్ ప్యానెళ్లకే సబ్సిడీ. ప్యానెళ్లు దించగానే, మిద్దెక్కించకముందే, వెనక సీరియల్ నంబర్లు ఫోటో తీసుకుని సర్టిఫికెట్‌తో పోల్చండి. ఎక్కాక వెనక్కి తొంగి చూడడం అయ్యే పని కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, కొటేషన్ పాతదైతే తిరిగి రాయించండి. 3 కిలోవాట్ల దాకా ప్రభుత్వ బ్యాంకుల్లో తాకట్టు లేని అప్పు రెండు లక్షల వరకు దొరుకుతుంది. చానెళ్లు, గోడ పట్టీలు, సర్వీసు వైరు ఖర్చుకు సబ్సిడీ విడిగా పెరగదు. ఆ మొత్తం మీ జేబులోంచే, ముందే విడిగా రాయించుకోండి. ఐదేళ్ల నిర్వహణ వెండరు బాధ్యత, ఒప్పందంలో ఉందో లేదో చూడండి.

తర్వాత

స్ట్రక్చరు 80 మైక్రాన్ల గాల్వనైజింగ్‌ది (జింకు పూతది), బోల్టులు స్టెయిన్‌లెస్ 304వి ఉండాలి. సముద్రం దగ్గర 316వి. అక్కడికక్కడ కోసిన, వెల్డు చేసిన ప్రతి చోటా జింకు పెయింటు రెండు పూతలు పడాలి. తుప్పు మొదలయ్యేది అక్కడే. చీమకుర్తి క్వారీల చుట్టుపక్కల రాతిపొడి పేరుకుంటుంది, పది రోజులకోసారి కడగాలి. కనిగిరి, పొదిలి వైపు బోరునీళ్లు ఆరితే అద్దం మీద తెల్లటి చార కడుతుంది, అది దుమ్ము కంటే మొండిది. వాననీళ్లో, తాగునీళ్లో ఒక బిందె చాలు, మెత్తటి గుడ్డతో తెల్లవారకముందే తుడవండి. మధ్యాహ్నం కాలే అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. ఏటా సెప్టెంబరు చివర, తుఫానుల కాలానికి ముందు, ఒకసారి స్పానరు పట్టుకుని పైకెక్కి ప్రతి క్లాంపూ, ప్రతి కాలి నట్టూ తిప్పి చూడండి. తిరిగిందంటే బిగించి, పెయింటుతో గీత గీయండి. మరుసటి ఏడు ఆ గీత జరిగిందో లేదో చూస్తే చాలు.