కాల్ కలుస్తుంది, మాట వినపడదు: ఆస్టరిస్క్‌లో ఒకవైపు ఆడియో

సమస్య: ఆస్టరిస్క్ లేదా ఫ్రీపీబీఎక్స్ (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్‌గా పనిచేసే సాఫ్ట్‌వేర్లు) పెట్టుకున్న ఆఫీసు. ఫోన్ మోగుతుంది, ఎత్తుతారు, కానీ ఒకవైపు మాటే వినిపిస్తుంది. లేదా మాట బాగానే ఉండి 32 సెకన్లకు కాల్ కట్ అవుతుంది. బెంగళూరులో మారతహళ్లి, బొమ్మనహళ్లి వైపు చిన్న కంపెనీల నుంచి నాకు ఎక్కువగా వచ్చే కంప్లయింట్ ఇదే. అప్పటికే ఎవరో ఒకరు సర్వర్‌ను ఫార్మాట్ చేసి కూర్చుంటారు!

ముందు సర్వర్‌లో సిప్ (ఇంటర్నెట్ మీద కాల్ కలిపే పద్ధతి) సెట్టింగ్స్ తెరవండి. ఎక్స్‌టర్నల్ అడ్రస్‌లో ఉన్నది ఇప్పటి పబ్లిక్ ఐపీయేనా (బయటి ఇంటర్నెట్‌కు కనిపించే అడ్రస్)? లోకల్ నెట్‌వర్క్స్‌లో మీ ఆఫీసు లోపలి ఐపీల రేంజ్ ఉందా? రెండు ఇంటర్నెట్ లైన్లున్న చోట ఒకటి పడిపోయి రెండోదానికి మారగానే ఐపీ మారుతుంది, ఇక్కడ మాత్రం పాతదే ఉంటుంది. తర్వాత ఫైర్‌వాల్. 5060 పోర్టు తెరిచేసి పనైపోయింది అనుకుంటారు. అది కాల్ కలపడానికి మాత్రమే. మాట వెళ్లేది ఆర్టీపీ అనే వేరే దారిలో, డిఫాల్ట్‌గా యూడీపీ పోర్టులు 10000 నుంచి 20000 వరకు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా సమస్య పోలేదంటే, నన్ను బాగా ఏడిపించిన దొంగ ఒకడున్నాడు: రూటర్‌లోని సిప్ ఏఎల్‌జీ (సిప్ కాల్స్ కోసం రూటర్‌లో ఉండే ఫీచర్). సాయం చేద్దామని సిప్ మెసేజ్‌ల లోపలికి దూరి ఐపీలూ పోర్టులూ మార్చేస్తుంది. ఆస్టరిస్క్ అప్పటికే సరైన అడ్రస్ రాసి పంపినా దాన్ని మళ్లీ దిద్దుతుంది. అలా చెడిన అడ్రస్ వల్ల, కాల్ ఎత్తామన్న సమాధానానికి రావాల్సిన ఏసీకే ('అందింది' అనే మెసేజ్) దారి తప్పుతుంది. సిప్ టైమర్ అర సెకనుకు 64 రెట్లు, అంటే 32 సెకన్లు చూసి కాల్ వదిలేస్తుంది.

'మా రూటర్‌లో ఆఫ్ చేశాం సార్' అంటారు. నిజమే. కానీ దాని ముందు ఇంటర్నెట్ కంపెనీ బిగించిన ఫైబర్ డబ్బా ఉంది కదా? అదీ రూటర్‌లాగే పనిచేస్తుంటే అందులోనూ ఏఎల్‌జీ ఉండొచ్చు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ లేదా రీసెట్ తర్వాత మళ్లీ ఆన్ అయిపోవచ్చు కూడా.

పట్టుకోవడం ఇలా. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల ఫోన్‌లో స్టన్ (ఫోన్ తన పబ్లిక్ ఐపీని తెలుసుకునే పద్ధతి) ఆపి సర్వర్‌లో రిజిస్టర్ చేయించండి. సర్వర్‌లో ఎస్ఎన్‌గ్రెప్ (సిప్ మెసేజ్‌లు చూపించే టూల్) పెట్టి, ఫోన్ తన అడ్రస్ చెప్పే కాంటాక్ట్ లైన్ చూడండి. అక్కడ 192.168 లాంటి ప్రైవేట్ ఐపీ రావాలి. పబ్లిక్ ఐపీ కనిపిస్తే దారిలో ఎవరో దిద్ది ఉండొచ్చు. ఇది ఆ ఇంటి రూటర్ గుట్టు. ఆఫీసు వైపైతే మీరు పంపిన ఇన్వైట్‌నూ (కాల్ మొదలుపెట్టే మెసేజ్), సిప్ ట్రంక్ (బయటి కాల్స్ కోసం తీసుకున్న లైన్) ఇచ్చినవాళ్లకు అందిన ఇన్వైట్‌నూ పక్కపక్కన పెట్టి చూడాలి.

రెండు డబ్బాల్లోనూ ఏఎల్‌జీ ఆఫ్ చేసి రీస్టార్ట్ చేయండి. పాత సెషన్లు అలాగే ఉంటే ఫలితం తెలియదు. మెనూలో ఆప్షనే లేకపోతే ఫైబర్ డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో (రూటర్ పని చేయకుండా లైన్ మాత్రమే దాటించేలా) పెట్టమని ఇంటర్నెట్ వాళ్లను అడగండి. ఒప్పుకోకపోతే సిప్‌ను టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌కు, మామూలుగా 5061 పోర్టుకు, మార్చండి. ఎన్‌క్రిప్ట్ అయిన మెసేజ్‌ను ఏఎల్‌జీ చదవలేదు, దిద్దలేదు.

కోడెక్ (మాటను డేటాగా మార్చే పద్ధతి) తేడా, పాడైన హెడ్‌సెట్ వంటివి ఉంటాయి, చాలా అరుదు. వాటిని చివర్లో చూసుకోవచ్చు.