క్యాన్సర్ తిరగబెట్టాక మళ్ళీ కాలేజీకా? సెమిస్టర్ మొదలయ్యేలోపే ఇవి చూసుకోండి

హాడ్జ్‌కిన్స్ లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, నాకు మొదటిసారి ఇంటర్‌లో వచ్చింది, బీటెక్ రెండో ఏడాదిలో తిరగబెట్టింది. మొదటిసారి కాలేజీ మొత్తం పలకరించింది. రెండోసారి "మళ్ళీనా?" అని ఊరుకుంది. అందుకే చెప్తున్నా, ఈసారి జాలి మీద కాదు, కాగితం మీద ఆధారపడండి.

ముందు హాజరు సంగతి. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలో అయితే 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే వైద్య కారణాలు చూపించి, కండోనేషన్ ఫీజు (హాజరు లోటు మన్నించడానికి కట్టేది) కట్టి గట్టెక్కొచ్చు. 65 కూడా లేకపోతే డిటైనే, ఎంత పెద్ద జబ్బైనా సరే. నేను మాస్కు కట్టుకుని, కళ్ళు తిరుగుతున్నా క్లాసుకు ఈడ్చుకుంటూ వెళ్ళి 61 దగ్గర ఆగిపోయాను. ఆ ఓపికంతా బూడిదలో పోసిన పన్నీరే. సెమిస్టర్ మొదట్లోనే బ్రేక్‌కి దరఖాస్తు పెట్టుంటే కనీసం ఒంటికి విశ్రాంతి దక్కేది. బోన్ మారో ట్రాన్స్‌ప్లాంట్ (ఎముక మజ్జ మార్పిడి) ఉందంటే ఇంకేం ఆలోచించొద్దు: ఆసుపత్రిలోనే కొన్ని వారాలు, ఇంటికొచ్చాక తేరుకోవడానికి నెలలు. ఆ సెమిస్టర్ వదిలేయండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నవాళ్ళు, బ్రేక్ తీసుకుంటే దాని సంగతేమవుతుందో ముందే కాలేజీ ఆఫీసులో అడగండి.

ఏ దరఖాస్తు ఇచ్చినా రెండు కాపీలు తీసుకెళ్ళి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకోండి. నా డిశ్చార్జ్ సమ్మరీ ఒకసారి ఆఫీసులో "కనబడలేదు". హెచ్‌ఓడీ గారు నోటిమాటగా "చూసుకుందాంలేమ్మా" అన్నది ఎక్కడా లెక్కలోకి రాలేదు.

తర్వాత అకడమిక్ క్యాలెండర్, కీమో తేదీలు పక్కపక్కన పెట్టుకోండి. అందరూ కీమో ఎక్కించిన రోజే కష్టం అనుకుంటారు. అసలు ప్రమాదం ఆ తర్వాతే: చాలా మందులకు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్ని ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. మిడ్ పరీక్షలు సరిగ్గా అప్పుడే పడితే, కీమో విడతను రెండు మూడు రోజులు జరపడం కుదురుతుందేమో డాక్టర్‌ను అడగండి. కుదరదంటే పరీక్షే వదులుకోండి. దానికి బదులు పరీక్ష పెడతారేమో కాలేజీలో ముందే అడగండి.

హాస్టల్లో ఉండేవాళ్ళ దగ్గర థర్మామీటర్ తప్పనిసరి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకిందంటే తెల్లారేదాకా ఆగకూడదు, అప్పటికప్పుడే ఆసుపత్రికి. చూసుకోకుండా పారాసెటమాల్ వేసుకుంటే జ్వరం దాక్కుంటుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పాకుతూనే ఉంటుంది. అర్ధరాత్రి బండి ఎవరు తీస్తారో, వార్డెన్ గేటు తీస్తారో లేదో ముందే మాట్లాడి పెట్టుకోండి. రూమ్మేట్‌కు నిజం చెప్పండి. ఆటలమ్మ వచ్చిన చెల్లెల్ని చూసొచ్చి మీ పక్క మంచం మీద కూర్చోకూడదని లేకపోతే ఆ అమ్మాయికెలా తెలుస్తుంది? మెస్‌లో పొద్దున రుబ్బిన పచ్చడి, కోసిపెట్టిన పండ్లు, పచ్చి ఉల్లిపాయ వద్దు. పొగలు కక్కే అన్నం, పప్పు చాలు. పానీపూరీ గురించి నేను చెప్పక్కర్లేదు. వానాకాలంలో దోమతెర కట్టుకోండి. కీమోతో ప్లేట్‌లెట్లు ముందే తగ్గి ఉంటే, దానికి డెంగీ తోడైతే తట్టుకోవడం కష్టం.

సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులు ఎక్కినవాళ్ళకు వేళ్ళు తిమ్మిరెక్కొచ్చు. ఇంట్లో మూడు గంటలు ఏకబిగిన రాసి చూసుకోండి, పెన్ను జారిపోతోందంటే పరీక్షల విభాగానికి ముందే రాయండి. ఒక చిక్కుంది: 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో క్యాన్సర్ లేదు. కాలు తీసేయడం, వినికిడి పోవడం లాంటి వైకల్యం మిగిలి, అది 40 శాతమో అంతకన్నా ఎక్కువో ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే స్క్రైబ్ (మీరు చెప్తుంటే రాసిపెట్టేవాళ్ళు), అదనపు సమయం అడగొచ్చు.

ఇంట్లో ఎవరూ ఎత్తని విషయం ఒకటి. జబ్బు తిరగబెట్టాక ఇచ్చే మందులు చాలాసార్లు మొదటివాటికన్నా ఘాటుగా ఉంటాయి, పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినొచ్చు. అండాలు, వీర్యం భద్రపరచడం గురించి మొదటి డోసు పడకముందే అడగాలి. నేను అమ్మను బయట కూర్చోబెట్టి అడిగాను.

వైద్యానికి ముంబై వెళ్ళాల్సి వస్తే, ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత ఫారంతో రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి పూర్తి రాయితీ, తోడు వచ్చేవాళ్ళకు 75 శాతం.

ఉద్యోగం ఎంచుకునేటప్పుడు మీకు ఏ మందు ఎంత ఎక్కిందో తెలిసి ఉండాలి. నాకిచ్చిన ఏబీవీడీ అనే నాలుగు కీమో మందుల కలయికలో డాక్సోరుబిసిన్ గుండెను, బ్లియోమైసిన్ ఊపిరితిత్తుల్ని దెబ్బతీయగలవు. అందుకే ఎకో (గుండె స్కాన్) చేయించుకున్నాకే సైటు ఉద్యోగమా, డెస్కు ఉద్యోగమా తేల్చుకున్నాను. ఇంటర్వ్యూలో అడగకపోతే మీరై చెప్పక్కర్లేదు, మెడికల్ ఫారంలో మాత్రం అబద్ధం రాయకండి. గ్రూప్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకు మొదటిరోజు నుంచే కవరేజీ ఉందా అని హెచ్‌ఆర్‌ను అడగండి. సొంతంగా పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు 36 నెలల దాకా ఆగమనొచ్చు. 2024 ఏప్రిల్‌కు ముందు ఆ గడువు 48 నెలలు.

స్కాన్ వారంలో వైవాలు, ప్రెజెంటేషన్లు రాకుండా చూసుకోండి. నాకోసారి వైవా వరుసలో ఉండగా ఫోన్లోకి రిపోర్టు వచ్చింది. తెరవకుండా బ్యాగులో పడేసి లోపలికి వెళ్ళాను. ఏం అడిగారో గుర్తులేదు. 38 మార్కులు వేశారు.