పిల్లి కరెంటు వైర్లు కొరుకుతుంటే ముందు ఏం చేయాలి, తర్వాత ఏం చేయాలి

పిల్లి వైరు కొరుకుతూ కనబడితే చాలామంది గట్టిగా అరుస్తారు, లేదంటే చెయ్యెత్తి బెదిరిస్తారు, అది భయపడి మంచం కిందకి దూరుతుంది, రాత్రి అందరూ పడుకున్నాక మళ్ళీ అదే వైరు దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. నేను చెప్పేది ఏంటంటే, పిల్లి అలవాటు మారడానికి వారాలు పడుతుంది కానీ వైరు దానికి అందకుండా చేయడానికి ఒక సాయంత్రం చాలు, కాబట్టి ముందు వైర్ల సంగతి చూడండి, పిల్లి సంగతి ఆ తర్వాత నిదానంగా చూద్దాం. మన ఇళ్ళకి వచ్చేది 230 వోల్టుల కరెంటు, మూడు నాలుగు కిలోల జీవి తడి నోటితో దాన్ని పట్టుకుంటే ప్రాణం పోవడానికి ఎంతోసేపు పట్టదు.

మొదలుపెట్టే ముందు ప్లగ్ తీసేసి కొరికిన చోటు దగ్గరగా చూడండి, ఎందుకంటే ప్రతిసారీ పిల్లే చేసి ఉండదు. ఎలుక కొరికితే పక్కపక్కనే సన్నగా గీరిన గాట్లు ఉంటాయి, వైరు పైతొక్క పొట్టులాగా కింద రాలి ఉంటుంది, ఫ్రిజ్ వెనకో గ్యాస్ బండ పక్కనో ఎలుక పెంటికలు కూడా కనిపిస్తాయి. పిల్లి కొరికితే కోరపళ్ళు దిగిన గుండ్రటి చిల్లులు ఉంటాయి, లేదంటే పక్క పళ్ళతో నమిలేసి ఆ ముక్క అంతా నలిగిపోయి ఉంటుంది. ఎలుకే అని తేలితే దారి వేరు, కానీ దయచేసి ఎలుకల మందు మాత్రం పెట్టకండి, మందు తిన్న ఎలుకని పిల్లి తింటే పిల్లికీ ప్రమాదమే.

ఇప్పుడు ఇంట్లో ఒక రౌండ్ వేయండి, నిలబడి కాదు నేల మీద కూర్చుని చూడండి, మనకి కనబడని వైర్లన్నీ పిల్లి ఎత్తులోనే ఉంటాయి. అన్ని వైర్లూ ఒకే రకం ప్రమాదం కాదు. ఫోన్ చార్జింగ్ కేబుల్‌లో నడిచేది 5 నుంచి 20 వోల్టులు, అది కొరికితే షాక్‌తో చచ్చిపోయే ప్రమాదం పెద్దగా లేదు కానీ రబ్బరు ముక్కలు, సన్నని రాగి తీగలు మింగితే పేగుల్లో ఇరుక్కుంటాయి. లాప్‌టాప్ చార్జర్‌లో మధ్యన ఉండే నల్ల డబ్బా నుంచి లాప్‌టాప్ వైపుకి వచ్చేది 20 వోల్టుల దగ్గర ఉంటుంది, గోడ నుంచి ఆ డబ్బా దాకా వచ్చే ముక్కలో మాత్రం పూర్తి 230, అదే కింద పడి ఉంటుంది కూడా. ఫ్రిజ్, టీవీ, సెట్ టాప్ బాక్స్, టేబుల్ ఫ్యాను, ఇస్త్రీ పెట్టె, మిక్సీ, ఎక్స్‌టెన్షన్ బాక్స్, వీటి వైర్లకి మొదటి వరుసలో జాగ్రత్త కావాలి.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ భయం వేసేవి సీరియల్ లైట్లు. దీపావళికి, క్రిస్మస్‌కి, వినాయకచవితి మండపానికి, బొమ్మల కొలువుకి మనం వేసే ఆ చవక సెట్లలో వైరు దారం అంత సన్నగా ఉంటుంది, చాలావాటికి కరెంటు నేరుగా ప్లగ్ నుంచే వెళ్తుంది, పైన ఉన్న తొక్క పిల్లి ఒక్క కొరుకుకి ఆగదు, పైగా అవి వేలాడుతూ మెరుస్తూ ఉంటాయి కాబట్టి పిల్లికి ఆగడం కష్టం. ఇంట్లో పిల్లి ఉంటే బ్యాటరీతో వెలిగే లైట్లు కొనుక్కోండి, లేదా సీలింగ్ దగ్గర మాత్రమే కట్టి మనం గదిలో లేనప్పుడు ప్లగ్ పీకేయండి. ఎండాకాలం కూలర్ కూడా అంతే, కింద నేల తడి, పక్కనే వైరు, దాని చల్లదనానికి పిల్లి అక్కడే పడుకుంటుంది.

ఇంకో విషయం, ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళల్లో కరెంటు పోయింది కదా అని వైర్ల దగ్గర పిల్లిని వదిలేయకండి, ఇన్వర్టర్ లైనులో అప్పుడు కూడా 230 వోల్టులే వస్తుంటాయి. బ్యాటరీకి వెళ్ళే లావు వైర్లు 12 లేదా 24 వోల్టులే అయినా వాటిలో కరెంటు చాలా ఎక్కువ, తొక్క పోయి రెండూ తగిలితే నిప్పు పుడుతుంది, దానికి ట్రాలీ డబ్బా మూత ఉన్నది కొనండి.

వాడనప్పుడు స్విచ్ ఆపేయడం మంచి అలవాటే కానీ దాని మీదే ఆధారపడకండి. వైరింగ్ చేసినప్పుడు ఫేజు (కరెంటు వచ్చే తీగ), న్యూట్రలు (తిరిగి వెళ్ళే తీగ) తారుమారు చేసి ఉంటే స్విచ్ ఆపినా వైరులో కరెంటు అలాగే ఉంటుంది, పాత ఇళ్ళల్లో ఇది మామూలుగానే కనిపిస్తుంది, ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు టెస్టర్ పెట్టి అన్ని పాయింట్లూ చూడమనండి. ప్లగ్ పీకేయడం ఒక్కటే ఖాయం. అదే ఎలక్ట్రీషియన్‌ని మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు భూమిలోకి లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉందో లేదో కూడా అడగండి. ఎంసీబీ ఉంది కదా అంటారు కొందరు, ఎంసీబీ లోడు ఎక్కువైతేనో షార్ట్ అయితేనో పడిపోతుంది గానీ పిల్లి ఒంట్లోంచి భూమిలోకి పోయే కొద్దిపాటి కరెంటుకి పడదు, ఆర్‌సీసీబీ పడుతుంది. అయితే పిల్లి రెండు తీగల్నీ కలిపి ఒకేసారి కొరికితే కరెంటు ఒక తీగ నుంచి నోట్లోంచి ఇంకో తీగకి వెళ్ళిపోతుంది, భూమిలోకి పోదు, అప్పుడు ఆర్‌సీసీబీకి కూడా తెలియదు. అందుకే అది ఉండాల్సిందే కానీ అది ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

కప్పడానికి ఖరీదైనవేం అక్కర్లేదు. వీధి చివర ఎలక్ట్రికల్ షాపుకి వెళ్ళి పీవీసీ కేసింగ్ పట్టీ అడగండి, గోడకి స్క్రూలు కొట్టి వైరు లోపల పెట్టి పైన మూత నొక్కేస్తే అయిపోతుంది, కదలని వైర్లకి, అంటే ఫ్రిజ్, టీవీ, రూటర్ వైర్లకి ఇదే బెస్టు. కదిలే వైర్లకి, లాప్‌టాప్ చార్జర్ లాంటి వాటికి, మడతలు మడతలుగా ఉండే ఫ్లెక్సిబుల్ పైపు కొనండి, పొడుగునా చీలిక ఉన్నది అయితే ప్లగ్ విప్పకుండానే వైరు లోపలికి దూర్చేయొచ్చు, చీలిక లేకపోతే కత్తెరతో మీరే చీల్చుకోవచ్చు, ముందు ఒట్టి పైపుని చీల్చండి, ఆ తర్వాతే వైరు లోపల పెట్టండి. స్ప్రింగులా చుట్టే ప్లాస్టిక్ స్పైరల్ కూడా ఉంటుంది కానీ గట్టిగా నమిలే పిల్లి దాని సందుల్లోంచి కొరుకుతుంది, నేనైతే దాన్ని ఫోన్ కేబుల్స్‌కి తప్ప వాడను. ఎక్కువ పొడుగు ఉన్న వైరుని చుట్టేసి కేబుల్ టైతో బిగించి టేబుల్ వెనక్కి కట్టేయండి, అటూ ఇటూ ఊగే వైరు కనబడితే పిల్లికి అది పారిపోతున్న ప్రాణి కిందే లెక్క, ఊగకపోతే సగం ఆసక్తి పోతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సుని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పక్కన వైరు పట్టేంత కోత పెట్టొచ్చు, వేడి బయటికి పోవడానికి రెండు మూడు రంధ్రాలు ఉంచండి, హీటరు లాంటి పెద్ద లోడు మాత్రం అందులో పెట్టకండి.

ఇప్పటికే తొక్క ఊడిన వైరు ఉంటే ఇన్సులేషన్ టేపు చుట్టి సరిపెట్టకండి. పిల్లి ఆ టేపుని పీకి నమిలి మింగుతుంది, ఆ తర్వాత లోపలి తీగ దొరుకుతుంది. వైరు మార్పించండి, వంద రెండొందల దగ్గర లెక్క చూసుకునే విషయం కాదు ఇది.

పూతల విషయానికి వద్దాం. పెట్ షాపుల్లో చేదు స్ప్రేలు అమ్ముతారు, ప్లగ్ తీసి, గుడ్డకి కొట్టి, ఆ గుడ్డతో వైరు తుడిచి, పూర్తిగా ఆరాక ప్లగ్ పెట్టండి, వైరు మీదకి నేరుగా ప్లగ్ పెట్టి ఉండగా కొట్టకండి. ఆ చేదు కొన్ని రోజులకే పోతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ పూయాలి, మొదటిసారి నాకినప్పుడు పిల్లి నోట్లోంచి నురగ కారుతుంది, కంగారు పడకండి, చేదుకి అలాగే చేస్తుంది. కొన్ని పిల్లులకి చేదు అసలు లెక్కే ఉండదు, అందుకే ఇది కేసింగ్‌కి తోడు మాత్రమే, దానికి బదులు కాదు.

ఇంట్లో ఉన్నవి పూసే వాళ్ళకి మాత్రం చేతులు జోడించి చెప్తున్నా, నీలగిరి తైలం, టీ ట్రీ ఆయిల్, పుదీనా ఆయిల్, లవంగ నూనె, నొప్పులకి రాసే బాములు, కర్పూరం, కలరా ఉండలు, ఇవేవీ వైర్ల మీద గానీ చుట్టుపక్కల గానీ పెట్టకండి. పిల్లి కాలేయం ఇలాంటి పదార్థాల్ని మనలాగా విరగ్గొట్టి బయటికి పంపలేదు, పైగా ఒంటి మీద అంటుకున్నదాన్ని నాకి నాకి లోపలికి తీసుకుంటుంది. కారం పొడి కూడా వద్దు, అది పాదాలకి అంటుకుని అదే పాదంతో మొహం తుడుచుకుంటే కళ్ళు మండి నరకం చూస్తుంది. నీళ్ళ స్ప్రే కొట్టి భయపెట్టమని చెప్పేవాళ్ళు ఉంటారు, కొరికిన వైరు దగ్గర నీళ్ళు చల్లడం అంటే అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు, అదీగాక పిల్లికి వైరు మీద కాదు మీ మీద భయం పెరుగుతుంది.

వైర్లు అయిపోయాయి, ఇప్పుడు అది ఎందుకు కొరుకుతోందో చూద్దాం. పిల్లి పిల్ల అయితే చాలాసార్లు పళ్ళే కారణం. పాలపళ్ళు 26 ఉంటాయి, మూడున్నర నాలుగు నెలల దగ్గర అవి ఊడడం మొదలై ఆరేడు నెలలకి 30 పెద్ద పళ్ళు వచ్చేస్తాయి, ఈ మధ్య కాలంలో చిగుళ్ళు సలుపుతుంటాయి, మెత్తగా రబ్బరులా ఉండేది ఏది దొరికినా నములుతుంది. శుభ్రమైన నూలు గుడ్డని తడిపి పిండి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఇవ్వండి, మీరు దగ్గరుండి నమలనివ్వండి, దారాలు ఊడుతుంటే తీసేయండి. పిల్లి పిల్లల కోసం వచ్చే రబ్బరు బొమ్మలు కూడా బాగా పనికొస్తాయి, ముక్కలుగా ఊడనివి చూసి తీసుకోండి.

పెద్దదై కూడా కొరుకుతుంటే ఎక్కువగా తోచకే. ఫ్లాట్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కటే ఉండి, మనం ఇంటికి వచ్చి ఫోన్ పట్టుకుని కూర్చుంటే అది ఏం చేస్తుంది చెప్పండి. పిల్లికి ఒంట్లో హుషారు తెల్లవారుజామున, సందెవేళ ఎక్కువ, కాబట్టి సాయంత్రం ఒక పావుగంట, పడుకునే ముందు ఇంకో పావుగంట కర్రకి ఈక కట్టిన బొమ్మతో దాన్ని పరిగెత్తించండి, చివర్లో దాన్ని పట్టుకోనివ్వండి, వెంటనే అన్నం పెట్టండి, వేటాడి తిని ఒళ్ళు నాక్కుని పడుకోవడం దాని సహజం, రాత్రి వైర్ల జోలికి వెళ్ళడం బాగా తగ్గుతుంది. ఆట అయ్యాక ఆ బొమ్మ, దారాలు, ఊలు, రిబ్బన్లు అన్నీ బీరువాలో పెట్టేయండి, మింగిన దారం పేగుల్ని కుచ్చిళ్ళలా లాగేసి కోసేస్తుంది, నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే మీరు లాగకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

నమలడానికి పచ్చగా ఏదైనా కావాలంటే గోధుమ గడ్డి పెంచండి, రాత్రి గోధుమలు నానబెట్టి పొద్దున కుండీలో చల్లి పల్చగా మట్టి కప్పితే వారం పది రోజుల్లో కోసుకునేంత వస్తుంది. ఊళ్ళో ఉంటే కుప్పింటాకు మొక్క ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది, దాని పచ్చి వేరు అంటే చాలా పిల్లులు పడిచస్తాయి, వాసన చూసి దాని మీద పడి దొర్లుతాయి, కాసేపు ఆడుకోనిచ్చి తీసేయండి, తినడానికి మాత్రం వదలకండి.

తిండి కూడా చూడాలి. పిల్లి మాంసాహారి, పెరుగన్నం, పాలు మీదే పెరిగే పిల్లికి టారిన్ అనే పోషకం సరిపడా అందదు, అది లేకపోతే చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి, రక్తం తక్కువైన పిల్లులు మట్టి, గుడ్డ, ప్లాస్టిక్ లాంటి తినకూడనివి నమలడం కూడా ఉంటుంది. చేపలో కోడో ఉడికించి ముళ్ళు ఎముకలు తీసి పెట్టండి, లేదా పిల్లులకని తయారయ్యే తిండి పెట్టండి, మీ ఇంట్లో మాంసం వండకపోతే ఈ రెండోది తేలిక. ఇన్నాళ్ళూ ఎప్పుడూ వైరు జోలికి వెళ్ళని పెద్ద పిల్లి ఉన్నట్టుండి మొదలుపెడితే అది అల్లరి కాదు, పంటి నొప్పో, చిగుళ్ళ వాపో, థైరాయిడో, కడుపులో ఇబ్బందో ఉండొచ్చు, నోరు వాసన రావడం, ఒక పక్కనే నమలడం గమనించారంటే ఆలస్యం చేయకుండా చూపించండి.

ఎదురుగా కొరుకుతూ దొరికితే అరవకండి, ముందు స్విచ్ ఆపండి, తర్వాత తిండి డబ్బా చప్పుడు చేసో పేరు పెట్టి పిలిచో వేరే వైపు రప్పించండి, వచ్చాక బొమ్మ ఇవ్వండి.

షాక్ కొట్టిందనుకోండి, వైరు నోట్లో ఉండగా దాన్ని ముట్టుకోవద్దు, ఎంత ప్రేమ ఉన్నా సరే. దవడ బిగుసుకుపోయి అది వైరుని వదలలేకపోవచ్చు, మీరు పట్టుకుంటే మీకూ కొడుతుంది. మెయిన్ ఆపండి, అది కుదరకపోతే కాళ్ళకి రబ్బరు చెప్పులేసుకుని పొడి కర్రతో వైరుని పక్కకి తోయండి. వైరు దూరం అయ్యాక ఊపిరి ఆడుతోందా చూడండి, పెదాల మూలలు, నాలుక తెల్లగానో బూడిదరంగులోనో మాడి ఉన్నాయేమో చూడండి, నోట్లో పాలు నీళ్ళు పోయకండి, నొప్పికి పారాసిటమాల్ అస్సలు ఇవ్వకండి, ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. లేచి మామూలుగా తిరుగుతున్నా సరే డాక్టర్‌కి చూపించాల్సిందే, ఎందుకంటే షాక్ తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వెంటనే కాకుండా కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు బయటపడుతుంది. పడుకుని ఉన్న పిల్లి మామూలుగా నిమిషానికి 20 నుంచి 30 సార్లు ఊపిరి తీసుకుంటుంది, పొట్ట లేచి పడడం అరనిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయండి, 40 దాటినా, నోరు తెరిచి ఊపిరి పీల్చినా, దగ్గుతున్నా రాత్రి ఎంతైనా ఆగకండి. మీ దగ్గర్లో రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాల ఏదో ఇవాళే కనుక్కుని ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకోండి.